దొరికిన చోటల్లా రాసుకున్న మనిషి

రెండు రబ్బర్లు అరిగిపోయాయట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆ మనిషి ముఖంలో ఎంత తృప్తి! జనగామలో మా మెజీషియన్ల సంఘానికి కార్యదర్శి ఆయన. పెళ్లిళ్లలో పొగ వదిలి, రంగు దీపాలు పెట్టి, పెద్ద పెట్టెలోంచి మనిషిని మాయం చేస్తాడు. ఈసారి పెట్టె కూడా లేకుండానే ఒక మనిషిని మాయం చేశాడు.

"ఏడు పుస్తకాలు పెద్దమనిషీ! మూడు దినాలు కూసొని తుడిచినం. ఒక్క పెన్సిల్ గీత లేదు సూడు. రెండు రబ్బర్లు అరిగినయ్" అంటూ, కొత్త ప్లాస్టిక్ అట్టలు తొడిగిన పుస్తకాలను స్టీలు బీరువాలోంచి తీసి నా ముందు పెట్టాడు.

ఒక పుస్తకం తెరిచాను. నేను మాటకు తడుముకునే మనిషిని కాను. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో నలభై ఏళ్లు గడియారాల రిపేరు దుకాణం నడిపినవాణ్ణి. నాలుగో తరగతితో బడి వదిలేసి, ఇంగ్లీషు డిక్షనరీ దగ్గర, మిగతాది గిరాకీల దగ్గర నేర్చుకున్నవాణ్ణి. దుకాణం కట్టేసిన ఆదివారాల్లో బడుల్లో, ఫంక్షన్లలో పేకముక్కలతో కనికట్టు చేశాను. వాదించమంటే ఇవాళ్టికీ పూటంతా వాదిస్తాను. కానీ ఆ పేజీలు తిప్పుతుంటే, తెల్లగా, శుభ్రంగా, శవానికి స్నానం చేయించినట్టు కనబడుతుంటే, ఏమని మొదలుపెట్టను?

ఆ పుస్తకాలు ఒక బస్సు కండక్టరువి. మొన్నటి వానాకాలంలో భూపాలపల్లిలో, బిడ్డ ఇంట్లో పోయాడు. పేరు రాయను. బతికున్నప్పుడు ఎవరైనా అడిగితే "పేరెందుకు, ఆట చూడు" అనేవాడు. నేను ఆయన్ను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను తమ్మీ అనేవాడు. అంతవరకు తెలిస్తే చాలు.

టికెట్లు మిషన్లోంచి రాని కాలం అది. రంగు రంగుల టికెట్ల కట్టలు చేతిలో పట్టుకుని తిరిగేవాళ్లు కండక్టర్లు. కట్ట అంచు మీద బొటనవేలు ఒక్కసారి జార్చి ఎన్ని టికెట్లు మిగిలాయో చెప్పేవాడు అన్న. ఆ వేలే పేకముక్కల మీదా జారేది. మెజిక్ అనే మాట ఆయన నోట నేను వినలేదు, ఆట అనేవాడు. నేనేమో బడిలో స్టేజీ ఎక్కి "మీకు నచ్చిన ముక్కను దయచేసి తీసుకోండి" అని రాగం తీసేవాణ్ణి. అది విని నవ్వేవాడు. ఆయన కట్ట చాపి ఒక్కటే మాట అనేవాడు: "గుంజు."

చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క ఉండేది. అది టికెట్ నంబర్లు రాయడానికని అందరూ అనుకునేవాళ్లు. అసలు పని వేరే. ఎవరైనా తన చేతివాటాన్ని పట్టుకుంటే ఆ మనిషి ముఖం వెలిగిపోయేది. ఇలాంటివాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. పట్టుబడినప్పుడు మా వాళ్లం ఏం చేస్తామో నాకు తెలుసు. పెద్దగా నవ్వేస్తాం, గొంతు పెంచుతాం, గబగబా ఇంకో ఆటలోకి దూకుతాం, ఇంటికొచ్చి పెళ్లాం మీద అరుస్తాం. ఈయన చెవి మీది పెన్సిల్ తీసేవాడు.

"యాడికెళ్లి చూసినవు? నిలబడి చూసినవా, కూసొని చూసినవా? నా ఎడమ దిక్కా?"

ఎక్కడెక్కావు, ఎక్కడ దిగుతావు అని టికెట్ కొట్టేటప్పుడు అడుగుతారే, అదే గొంతు. అవతలి మనిషి తప్పు చేసినవాడిలా తడబడి చెప్పేవాడు. ఈయన శ్రద్ధగా చీటీ మీద రాసుకుని, ఇంటికి పోయాక ఏ పుస్తకంలో ఆ ఆట నేర్చుకున్నాడో ఆ పుస్తకం తీసి, ఆ పేజీ అంచున తెలుగులో ఎక్కించేవాడు. ప్రతి రాతకూ మొదటి మాట ఒకటే: దొరికిన. అంటే పట్టుబడ్డానని.

*దొరికిన. కేసముద్రం యార్డు. మక్కల బస్తాల మీద కూసున్న హమాలీ. పైనుంచి చూసిండు. ఎడమ మోచెయ్యి దించాలె.*

ఇంగ్లీషు దొరలు రాసిన పుస్తకాలవి. వాళ్ల లెక్కలో ఆట చూసేవాళ్లు ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లకు అవతల వరుసగా కూర్చుంటారు, మర్యాదగా. మన దగ్గర ఆట మొదలుపెడితే వెనక నలుగురు నిలబడతారు, ఒకడు భుజం మీద గడ్డం ఆనిస్తాడు, ఒకడు బస్తాలెక్కుతాడు. పైనుంచి చూసే కన్నుకు చేతులెట్లా దాచాలో ఏ పుస్తకమూ చెప్పదు. చెప్పింది ఆ పెన్సిల్ ముక్కే.

ఆయన్ను మొదటిసారి గూడూరు బస్సులో చూశాను. బడిలో ప్రదర్శనకు పోతున్నాను. నా చొక్కా జేబులోంచి పేకకట్ట తొంగి చూస్తున్నది. టికెట్ కొట్టి చేతికిస్తూ, "పేకాటనా, ఆటనా?" అన్నాడు.

"ఆటే" అన్నాను.

"అట్లయితె గూడూరుల చాయ్ తాగేతందుకు పది నిమిషాలు ఆగుతది. గుంజుదువు గాని."

చాయ్ హోటల్ ముందు, ఆగిన బస్సులో ఇంజన్ మూత మీద తువ్వాల పరిచాడు. నేను కళావరు తొమ్మిది గుంజాను. అది కట్టలో కలిసిపోయి, తిరిగి తిరిగి డ్రైవరు టోపీ కిందికి వచ్చింది. ఐదారుగురు ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. ఒక రెప్పపాటు ఆయన చిటికెన వేలు జారడం నేను చూశాను. గడియారంలో ఆవగింజంత చక్రాన్ని పట్టుకునే కన్ను నాది, తప్పించుకోదు. చూశాను, చూశానని చెప్పలేదు. ఆయన ముఖం అంత సంబరంగా ఉంటే నలుగురిలో ఎట్లా చెబుతాను? నేనూ చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ల స్నేహంలో కూడా ఆ సంగతి చెప్పలేదు. ఆయనా పెన్సిల్ తీయలేదు.

ఆ రోజు ఇంకో వింత గమనించాను. లోకంలో అందరూ కట్ట ఎడమ చేతిలో పెట్టుకుని కుడి చేత్తో పంచుతారు. ఈయన కట్ట కుడి చేతిలో ఉంది. ఎడమచేతి వాటమేమో అనుకున్నాను. కాదు, రాత కుడి చేత్తోనే. పరిచయమయ్యాక అడిగితే తలగోక్కున్నాడు.

"మొదట్ల నాకు ఇంగ్లీష్ రాకపాయె తమ్మీ. బొమ్మలు చూసి నేర్చుకున్న. ఆ బొమ్మలేమో చూసేటోళ్ల దిక్కు నుంచి గీసిండ్రు. అది నాకు పదకొండేండ్లకు ఎరుకయింది. అప్పటికి చేతులు అలవాటు పడె. ఇగ ఏడ మార్చుకుంట?"

పదకొండేళ్లు! అద్దంలో బొమ్మను చూసినట్టు ఆటంతా తలకిందులుగా నేర్చుకున్నాడు. ఇంకెవరైనా అయితే పుస్తకాన్ని తిట్టి పడేసేవాడు. ఈయన ఆ తప్పులోంచి కూడా ఒక ఆట తీశాడు. పేకముక్క నాలుగు మూలల్లో రెండింటి మీదే అంకె ఉంటుంది. అందరిలా విప్పితే అంకెలు కనబడతాయి. ఈయన వైపు నుంచి విసనకర్రలా విప్పితే అంకె లేని మూలలు పైకొచ్చేవి. కట్టంతా తెల్లకాగితాలేనేమో అనిపించేది. మిగతాది చెప్పను. ఈ రోజుల్లో ప్రతివాడూ ఫోన్లో వీడియో పెట్టి ఆటల గుట్టు విప్పుతున్నాడు, ఆ పాపం నాకొద్దు.

పుస్తకాలు ఎంచే పద్ధతి నాకు నేర్పింది ఆయనే. రెండు మూడు నెలలకోసారి ఇద్దరం రైలెక్కి హైదరాబాద్ పోయి, ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చునేవాళ్లం. మా ఇద్దరికీ కలిపి ఒకటే డిక్షనరీ, అది నా సంచిలో ఉండేది. ఒకసారి అమ్మేవాడు ఇటుకంత పుస్తకం ఎత్తి చూపించాడు.

"లే లో సాబ్, ఐదొందల ఆటలున్నయి ఇండ్ల!"

"ఐదొందలా?" అన్నాడు అన్న. "మా బస్సుల సీట్లే యాభై. యాభై మందికి ఐదొందల ఆటలేంది భయ్? ఒక్కటే ఆటను ఐదొందల సార్లు ఆడినోడు రాసిందుంటె తియ్యి."

తనకు బాగా వచ్చిన ఆట ఆ పుస్తకంలో ఉందేమో ముందు వెతికేవాడు. ఉంటే అది చదివేవాడు, తెలియనివాటి జోలికి పోయేవాడు కాదు. "నాకు తెల్వని ఆటల ఈయిన అబద్ధమాడితే నేనెట్ల పట్టుకుంట? తెలిసిన ఆటల దొరుకుతడు" అనేవాడు. ఆ ఆటలో చెయ్యి ఎక్కడ వణుకుతుందో, చూసేవాడు ఎక్కడ అనుమానపడతాడో, అది రాసినవాడు చెప్పాడా లేదా అన్నదే పరీక్ష. చెబితే కొనేవాడు, పుస్తకం చినిగి ఉన్నా సరే. చెప్పకపోతే బంగారు అంచు అట్ట అయినా తిరిగి ఫుట్‌పాత్ మీదే పెట్టేవాడు.

"కొత్తగ నేర్చుకునేటోనికి ఆటలు కావాలె తమ్మీ. ఆట వచ్చినోనికి తప్పులు కావాలె. గవి ఎవడు అమ్ముతలేడు."

పదిహేనేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి. జనగామలో మా సంఘం వాళ్లు ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టి, పట్నం నుంచి ఒక పెద్ద మెజీషియన్‌ను పిలిపించారు. ఆయన ఉపన్యాసమిచ్చి, బల్ల మీద లావుపాటి పుస్తకాలు పరిచాడు. అనుభవం ఉన్నవాళ్లకు మాత్రమే అన్నాడు. ఆ మాట వినగానే మావాళ్లంతా అనుభవమున్నవాళ్లైపోయి ఎగబడ్డారు. ఇప్పటి కార్యదర్శి అప్పుడు మామూలు సభ్యుడు. పుస్తకాన్ని అరచేతిలో ఎత్తి బరువు చూసి, అన్నింట్లోకీ బరువైంది తీసుకున్నాడు. నా కళ్లతో చూశాను. కూరగాయలు కూడా అంత అన్యాయంగా ఎంచరు.

అన్న ఒక పుస్తకం నడుమకు తెరిచి, నిలబడి, పావుగంట చదివి, మూసి బల్ల మీద పెట్టేశాడు. ఖాకీ ప్యాంటు, పెన్సిల్, వంగిన వెన్ను చూసి ఆ పట్నం ఆయన నవ్వాడు.

"ఏం పెద్దాయనా, కొరుకుడు పడటం లేదా? అది అడ్వాన్స్‌డ్ అండీ. మీకు చిన్న పుస్తకం ఇమ్మంటారా?"

"గీ ఆట నాకు వస్తది సారూ" అన్నాడు అన్న. "నాకు ఏడాది పట్టింది. ఇది రాసినాయిన సగం పేజీల ముగించిండు. గీయిన గీ ఆట మంది ముంగట ఎన్నడూ ఆడలే."

"గిట్లనా? గట్లనా?" అని ఆయన మా యాసను సాగదీసి పలికి హాలు వైపు చూశాడు. హాలు నవ్వింది. ఒకరిది జనగామ, ఒకరిది మహబూబాబాద్, నవ్వినవాళ్లంతా ఇంట్లో ఆ మాటే మాట్లాడేవాళ్లు! సినిమాల్లో మన యాసకు లోకం నవ్వితే ఇన్నేళ్లూ మనమూ కలిసి నవ్వాం, ఆ అలవాటు పోలేదు. నా ఒళ్లు మండిపోయింది. లేవబోతే అన్న నా మోకాలు మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"ఏదీ, చేసి చూపించండి మరి" అన్నాడాయన. అన్న కట్ట తీసి కుడి చేతిలో పెట్టుకోగానే మళ్లీ నవ్వు. "ఓహో, అద్దంలో చూసి నేర్చుకున్నారన్నమాట!"

"అవు సారూ, తప్పే నేర్చుకున్న" అని ఒప్పుకుని, అన్న కట్టను విసనకర్రలా విప్పాడు. తెల్లగా, ఒక్క అంకె లేకుండా. ఆ సారు కళ్లజోడు సర్దుకున్నాడు. అన్న కట్ట మూసి ఆయన చేతికే ఇచ్చాడు. ఆయన విప్పితే యాభై రెండూ మామూలుగా, రంగులతో.  "ఇంకొక్కసారి" అన్నాడాయన, ఈసారి అండీ కూడా మరిచిపోయి. అన్న కట్ట జేబులో వేసుకున్నాడు.

తిరుగు రైల్లో నేను ఎగిరెగిరి పడుతున్నాను. అన్న పెన్సిల్ తీసి చీటీ మీద రాసుకుంటున్నాడు. చూస్తే: *దొరికిన. జనగామ. తలుపు కాడ చాయ్ గ్లాసులు పట్టుకున్న ఆమె. కుడి పక్కనుంచి ఒక అంకె కనబడ్డదట.*

"నీకు సంతోషం లేదా అన్నా? వాని నోరు మూయించినవు గద!"

"వాడు చూడలే తమ్మీ. చూసింది ఆమె" అన్నాడు.

ఇదీ మనిషి. ఇప్పుడు ఆ ఏడు పుస్తకాల సంగతికి వస్తాను, ఇందులో నా తప్పూ ఉంది.

ఆయన పోయిన నెలకు భూపాలపల్లి నుంచి బిడ్డ ఫోన్ చేసింది. అక్కడి సర్కారు దవాఖానలో నర్సు. "కాకా, బాపు పుస్తకాలు ఆట వచ్చినోళ్లకే ఇయ్యమన్నడు. యేవియ్యాల్నో నువ్వే ఏరాలని చెప్పిండు" అంది. పోయాను. పాత టికెట్ల పెట్టెలో ఇరవై రెండు పుస్తకాలు. రెండు రోజులు నేల మీద కూర్చుని ఏరాను, ఆయన నేర్పిన పద్ధతిలోనే. పదిహేను కొత్తవాళ్లకు పనికొచ్చేవి, పక్కన పెట్టాను. ఏడు మిగిలాయి. అట్టలు ఊడి, చాయ్ మరకలు పడి, అంచుల నిండా పెన్సిల్ రాతలతో ఉన్నవి.

"గిన్ని గీతలున్నయి, ఎవరన్న తీసుకుంటరా కాకా?" అంది.

"గీతలే పుస్తకం బిడ్డా. లోపల అచ్చయింది ఎక్కడైనా దొరుకుతది" అన్నాను.

అప్పుడు ఎర్ర అట్ట పుస్తకం తెరిచి తను ఒక చోట ఆగిపోయింది. నా వైపు తిప్పింది.

*దొరికిన. ఇంట్ల. బిడ్డ, నాలుగేండ్లది. కింద కూసొని పైకి చూసింది. అరచెయ్యి అడుగు కనబడ్డది. పిల్లల ముంగట నిలబడి ఆడద్దు.*

"నాకు యాదికున్నది కాకా. 'బాపూ, నీ చేతిల ఇంకోటి ఉన్నది' అన్న. నన్ను ఎత్తుకొని ఇల్లంత తిరిగిండు, పెన్సిల్ ఏడ పెట్టిన్నో అనుకుంట." నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. "కాకా, గీ ఒక్క కాగితం నాకు ఇయ్యి. చింపుకుంట."

నేను వద్దన్నాను. గొప్ప పండితుడి లెక్క వద్దన్నాను. పేజీ చింపితే పుస్తకం అవిటిదవుతుందని, ఆ ఆట వెనక పేజీలో సగం ఉందని, సంఘం బీరువాలో భద్రంగా ఉంటుందని, ఎప్పుడు కావాలంటే అప్పుడు పోయి చూసుకోవచ్చని చెప్పాను. తను తలూపి పుస్తకం మూసి నా చేతికిచ్చింది. జనగామ పోయి ఏడింటినీ కార్యదర్శికి అప్పజెప్పాను. రాతల గురించి ఒక్క మాట చెప్పలేదు. చూసినవాడికి తెలియదా అనుకున్నాను. ఏనుగంత మాట, నోట్లోంచి రాలేదు.

ఇక బీరువా ముందు నిలబడ్డ రోజుకు వస్తాను. చేతిలోని పుస్తకం మూసి అడిగాను.

"తుడిచేముందు చదివినవా?"

"చదివినంకనే తుడిపిచ్చిన పెద్దమనిషీ! పేజీకొక్క 'దొరికిన'. రేపు మెంబర్లు తెరిస్తె ఏమనుకుంటరు? ఈయినకు ఆట రాదనుకోరా? పోయిన మనిషి ఇజ్జత్ కాపాడిన. షుక్రియా చెప్పాల్సింది పోయి లొల్లి చేస్తవేంది?"

ఇజ్జత్! వినండి ఈ మాట. నలభై ఏళ్లు ఊరూరా, బస్సు బస్సుకూ తప్పులు ఏరుకుని తెచ్చి, ఆ ఆట ఆడే తర్వాతివాడు అక్కడ కాలు జారకుండా రాసిపెట్టిన మనిషికి ఈయన ఇజ్జత్ కాపాడాడట. అదే బీరువాలో పై అరలో ఆయన బరువు చూసి కొన్న పుస్తకం ఉంది. తీసి తెరిచాను. నడుము పట్టేసినట్టు పటపటమంది. పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా తెరవలేదు. దానికి మరక లేదు, గీత లేదు, దాని ఇజ్జత్ మహా భద్రం.

"ఆయన దొరికినన్ని సార్లు నువ్వు ఆట కూడా ఆడలేదు" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ అచ్చులో పెట్టలేను. ఆయన ముఖం గంటు పెట్టుకుని రిజిస్టరు సర్దుకుంటూ కూర్చున్నాడు.

ఎర్ర అట్ట పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను. ఖాళీ. బిడ్డ లేదు, నాలుగేళ్లు లేవు. చేతులకు పని లేక ఆ అంచు మీద బొటనవేలు జార్చాను. వేలికి ఏదో తగిలింది. మళ్లీ జార్చాను. నునుపు కాగితం కాదది. సన్నటి గాళ్లు, నాగలి చాళ్లలాగా.

కండక్టర్ చెయ్యి! ప్రతి స్టేజీలో టికెట్ల నంబర్లు రాసే కాగితం కింద కార్బన్ పెట్టి రాసేవాడు. కింది కాగితం మీద పడాలంటే గట్టిగా నొక్కాలి. నౌకరీ అంతా అట్లా రాసిన చెయ్యి, ఏం రాసినా కింద కార్బన్ ఉన్నట్టే నొక్కేది. మూడు రోజులు కూర్చుని వీళ్లు తుడిచింది మసి. రాత కాగితంలోనే ఉంది. దుకాణం కట్టేసినా గడియారాల భూతద్దం ఇప్పటికీ నా జేబులోనే ఉంటుంది. కంటికి తగిలించుకుని, కిటికీ దగ్గర పుస్తకాన్ని వెలుగుకు వాలుగా పట్టాను. *ద*, ఒత్వం, *ర*.

"నేను తీసుకపోతున్న ఇవి" అన్నాను.

"సంఘం ముద్ర పడ్డది. సంఘం ఆస్తి. రూల్ ప్రకారం ఒక్కసారికి ఒక్కటే పుస్తకం, పదిహేను దినాలు" అన్నాడు కార్యదర్శి, గెలిచినవాడిలా. సరేనన్నాను. రిజిస్టరులో సంతకం పెట్టి ఎర్ర అట్టది తీసుకున్నాను.

దాన్ని పట్టుకుని భూపాలపల్లి పోయాను. ఫోన్లో చెప్పే ధైర్యం లేకపోయింది. ఎదురుగా చెబితే బిడ్డ అరవలేదు. "నువ్వే గద కాకా, భద్రమన్నవు" అంది. అంతే. కార్యదర్శిని నేనన్న మాటలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సరిపోవు.

పొద్దున్నే ఎండ ఏటవాలుగా వచ్చే గడపలో కూర్చున్నాం. భూతద్దం తన కంటికి పెట్టాను. చాలాసేపు ఏమీ కనబడలేదంది. తర్వాత వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "బి... డ్డ... నా... లు..." అక్కడ ఆగింది. నా జేబులోంచి బాల్‌పెన్ను తనే లాక్కుంది. వాళ్ల బాపు గీసిన గాళ్లలోనే పెన్ను నడిపిస్తూ మొత్తం దిద్దింది, చివరి *ఆడద్దు* దాకా. ఊది ఆరబెట్టింది.

"ఇప్పుడు ఏ రబ్బరుతోని తుడుస్తరో తుడవమను" అంది. ఆ పేజీ చింపుకోమన్నాను, ఈసారి నేనే. తల అడ్డంగా ఊపింది. "వద్దు కాకా. అండ్లనే ఉండని. ఎవరన్న పిల్లల ముంగట ఆడేముందు చదువుకుంటరు."

అప్పటి నుంచి పదిహేను రోజులకొకసారి జనగామ రైలెక్కుతున్నాను. ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చుకుంటున్నాను. అన్నింటి మీదా పెన్ను పెడుతున్నాను. పుస్తకాల్లో రాసినందుకు సభ్యత్వం తీసేస్తామని ఉత్తరం వచ్చింది. తీసేసుకోమనండి, కానీ ఏడోదాకా ఆగమనండి. ముందుమాటగా ప్రతి పుస్తకం మొదటి కాగితం మీద నా చేత్తో ఒక ముక్క కూడా రాస్తున్నాను: *దొరికిన. జనగామ. పుస్తకాలిచ్చేటప్పుడు నోరు తెరిచి చెప్పలేదు.* ఆయన పద్ధతి అది, నాకు మినహాయింపు లేదు.

నిన్న ఐదో పుస్తకం. కేసముద్రం హమాలీ రాత ఉన్న పేజీ. ఆ రాత నాకు కంఠతా వచ్చు, దిద్దుతూ పోతున్నాను. పెన్ను గాళ్లు తప్పి పక్కకు జారుతున్నది. కింద ఇంకేవో గాళ్లున్నాయి, అడ్డంగా, వేరే మాటలు. బస్తాల హమాలీ రాక ముందు అక్కడ ఇంకో రాత ఉండేది. దాన్ని ఎవరో ఎప్పుడో తుడిచేసి, దాని మీదే ఇది రాశారు. భూపాలపల్లిలో నేను ఏరినప్పుడు ఆ పాత రాత జాడ లేదు. సంఘం రబ్బరు పని కాదు. పుస్తకం ఆయన చేతిలో ఉన్నప్పటిది.

భూతద్దం సర్దుకుని చదివాను.

*దొరికిన. గూడూరు కాడ. గడియారాలాయన చూసిండు. మందితోని చప్పట్లు కొట్టిండు. చెప్పలే. ఎందుకో.*

ఆ చివరి మాట రెండుసార్లు చదివాను. తర్వాత హమాలీ రాత పూర్తిగా దిద్దాను, మోచెయ్యి దించాలె అన్నదాకా. కింది దాని మీద పెన్ను పెట్టలేదు. అది ఆయన తుడిచింది.